సింహం కన్నా ముందు క్యాలెండరు చూడాలి

ప్రపంచంలోకెల్లా పెద్ద జంతువుల వలస ఎక్కడ జరుగుతుంది? క్విజ్ పోటీలకు వెళ్ళే పిల్లల్ని అడిగితే తడుముకోకుండా సెరెంగెటి అంటారు. ట్రావెల్ కంపెనీల కరపత్రాల్లోనూ అదే ఉంటుంది. 2024 జూన్‌లో ఆ జవాబు మారిపోయింది. దక్షిణ సూడాన్ మీద విమానాల్లో తిరిగి జంతువుల్ని లెక్కపెట్టిన సర్వే ఫలితాలు ఆ నెలలో బయటికొచ్చాయి. తెల్లచెవుల కోబ్, టియాంగ్, మొంగల్లా గజెల్, రీడ్‌బక్ అనే నాలుగు రకాల జింక జాతులు కలిసి దాదాపు 60 లక్షలు అక్కడ ఏటా వలస తిరుగుతున్నాయని తేలింది. సెరెంగెటిలో తిరిగే వైల్డ్‌బీస్ట్‌లు 13 నుంచి 15 లక్షలు. అంటే అసలు పెద్ద మంద ఏళ్ళ తరబడి యుద్ధాలతో నలిగిన దేశంలో, కెమెరాలకు దూరంగా నడుస్తూనే ఉంది. మామూలు టూరిస్టు అక్కడికి వెళ్ళే పరిస్థితి ఇప్పటికీ లేదు.

నేల మీద నడవాలన్న షరతు తీసేస్తే ఆ రికార్డూ నిలవదు. జాంబియాలో కసాంకా అనే చిన్న పార్కు ఉంది. అక్టోబర్ చివర్లో ఎండుగడ్డి రంగు పండ్ల గబ్బిలాలు 80 లక్షల నుంచి కోటి దాకా వచ్చి అందులోని ఒక చిత్తడి తోపులో దిగుతాయి. పండ్లు దొరికినన్నాళ్ళూ ఉండి డిసెంబర్ దాటేలోగా వెళ్ళిపోతాయి. సాయంత్రం అవన్నీ ఒక్కసారి లేస్తే ఆకాశం కనబడదు. ఒక్కో చెట్టుకు ఎన్ని వేలాడతాయంటే, ఆ బరువుకు కొమ్మలే విరిగిపడతాయి. జనవరిలో వెళ్ళినవాళ్ళకు మాత్రం అక్కడ కనిపించేది ఖాళీ తోపే.

తొలిసారి సఫారీకి బయల్దేరేవాళ్ళకు తిరకాసంతా ఇక్కడే ఉంది. అతి పెద్దవి, అతి ఎత్తైనవి, అతి వేగమైనవి ఆఫ్రికాలో కొల్లలు. కాకపోతే వాటిలో చాలావాటికి ఒక నెల, ఒక వాన, ఒక నీటిగుంట ముడిపడి ఉంటాయి. ఆ ముడి సంగతి తెలియకుండా టికెట్టు కొంటే లక్షలు పోసి గడ్డి చూసి రావాలి. పైగా పిల్లలున్న తెలుగిళ్ళల్లో ప్రయాణాలకు వీలు దొరికేది మూడే దఫాలు: సంక్రాంతి, వేసవి, దసరా. అందుకే ఈ వింతల్ని మన సెలవుల పక్కన పెట్టి చూడటం మంచిది.

తిరుగుతూనే ఉండే మంద

సెరెంగెటి వలసకు మొదలూ లేదు, చివరా లేదు. టాంజానియాలోని సెరెంగెటి, దానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న కెన్యా మాసాయి మారా, ఈ రెంటినీ కలుపుకుని మంద ఏటా సవ్యదిశలో ఒక ప్రదక్షిణ చేస్తుంది. వాన ఎటు పడితే అటు గడ్డి, గడ్డి ఎటు మొలిస్తే అటు మంద. వెంట రెండు లక్షలకు పైగా జీబ్రాలు, వాటితో గజెల్‌లు. ‘వలస చూపిస్తాం’ అని ఎవరైనా అంటే మీరు వేయాల్సిన ప్రశ్న ఒకటే: ఆ నెలలో మంద ఎక్కడుంటుంది?

జనవరి నెలాఖరు నుంచి మార్చి దాకా అది దక్షిణాన ఎన్‌డుటు చుట్టుపక్కల మైదానాల్లో ఉంటుంది. పాత అగ్నిపర్వతాల బూడిద పరుచుకున్న నేల కాబట్టి అక్కడి గడ్డిలో ఖనిజాలు ఎక్కువ. పాలిచ్చే తల్లులకు కావలసింది అదే. ఈనడం అక్కడే. ఆడవాటిలో అత్యధికం రెండు మూడు వారాల వ్యవధిలోనే ఈనేస్తాయి. ముమ్మరంగా ఉన్నప్పుడు రోజుకు ఎనిమిది వేల దూడల దాకా పుడతాయని అంచనా. అన్నీ ఒకేసారి పుట్టడంలో లెక్క ఉంది. హైనాలూ సింహాలూ ఎంత తిన్నా వాటి కడుపులకూ ఒక హద్దుంటుంది కాబట్టి, మిగిలేవే ఎక్కువ.

ఇంజను ఆపేసి జీపులో కదలకుండా కూర్చుంటే ఇదంతా రోడ్డు పక్కనే జరుగుతుంది. తడిసి మెరుస్తున్న గోధుమరంగు ముద్ద గడ్డిలోకి జారుతుంది. తల్లి నాకుతుంటే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోతాయి. లేవబోతుంది, ముక్కు నేలకు కొట్టుకుంటుంది, మళ్ళీ లేవబోతుంది. చూస్తున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి ఉంటారు. పది నిమిషాలు గడిచేలోపే నిలబడుతుంది. మరికాసేపటికి తల్లి పొట్ట పక్కనే పరుగు. సంక్రాంతి ప్రయాణాన్ని జనవరి నెలాఖరుకు జరపగలిగితే, నా దృష్టిలో నది దాటే దృశ్యం కన్నా ఇదే మేలు. ఇక్కడ ఎదురుచూపులు తక్కువ, రద్దీ తక్కువ.

నది దాటడం జులై నుంచి అక్టోబర్ దాకా, ఉత్తరాన మారా నది మీద. టీవీల్లో అందరూ చూసింది ఇదే. టీవీలో చూపించనిదల్లా నిరీక్షణ. వేల జంతువులు గట్టు మీదికి వచ్చి నిలబడతాయి, నీళ్ళను చూస్తాయి, ఒక జీబ్రా రెండడుగులు దిగి వెనక్కి వస్తుంది, అంతే, మంద మొత్తం తిరిగి మేతకు పోతుంది. ఇలా గంటలు గడిచిపోవచ్చు, రోజంతా గడిచిపోవచ్చు. ఎప్పుడు దాటుతాయో గైడుకూ తెలియదు, వైల్డ్‌బీస్ట్‌కూ తెలియదు. ఒకటి దూకిందంటే మాత్రం ఇక ఆగవు.

ఇందులో అసలు వింత మొసళ్ళది. దాటేటప్పుడు ఏటా సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు మునిగి చనిపోతున్నాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. వాటి బరువు 1,100 టన్నులు. సినిమాల్లో చూసి ఇదంతా మొసళ్ళ విందనుకుంటాం. నిజానికి వాటి వంతు రెండు శాతం మాత్రమే. రాబందులకు కొంత పోగా మిగిలినదంతా నీళ్ళలో కుళ్ళి చేపల్నీ నదినీ పోషిస్తుంది. ఎముకలు కరిగిపోవడానికి ఏడేళ్ళు పడుతుంది.

దసరా సెలవులకు ఈ దృశ్యం దొరికే అవకాశం బాగానే ఉంటుంది. దానికి తగ్గట్టే ధర. మాసాయి మారాలో విదేశీయుల ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200 డాలర్లు. కుటుంబంలో పెద్దవాళ్ళే నలుగురుంటే జులై తర్వాత రోజుకు 800 డాలర్లు గేటు దగ్గరే పోతాయి. ప్యాకేజీలో ఇది కలిసిందో లేదో ముందే అడిగి రాయించుకోవాలి.

మిగిలింది వేసవి. మార్చి నుంచి మే దాకా తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు. మారా, సెరెంగెటిల్లో చాలాచోట్ల నల్లరేగడి నేల. అది తడిస్తే జీపులు ఎలా దిగబడతాయో మన రైతులకు చెప్పక్కర్లేదు. కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. ధరలు తగ్గాయని ఏప్రిల్‌లో కెన్యా ప్యాకేజీ అంటగట్టేవాళ్ళు ఈ మాట చెప్పరు. వేసవిలోనే వెళ్ళక తప్పదనుకుంటే ఆఫ్రికా ఖండం దక్షిణ భాగం వైపు తిరగాలి. అక్కడ మే నెలకు వానలు వెనకబడి ఎండాకాలం కాని ఎండుకాలం మొదలవుతుంది. గడ్డి పలచబడి జంతువులు నీటి దగ్గరికి చేరతాయి.

పెద్ద పార్కులో చిన్న చూపు

విస్తీర్ణం అంకెలు తొలిసారి వెళ్ళేవాళ్ళని బాగా ఊరిస్తాయి. మన దేశంలో పులుల అభయారణ్యాలన్నిటిలోకీ పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం 3,700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. సెరెంగెటి 14,763. అదే టాంజానియాలో 2019లో సెలూస్ అభయారణ్యం నుంచి విడదీసి ఏర్పాటు చేసిన న్యెరెరె జాతీయ పార్కు 30,893. నమీబియాలోని నమీబ్–నౌక్లుఫ్ట్ దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్లు, స్విట్జర్లాండ్ కన్నా పెద్దది. కానీ అందులో ఎక్కువ భాగం ఇసుకే. అక్కడికి వెళ్ళేది ఎర్రటి ఇసుకదిబ్బల కోసం, సింహాల కోసం కాదు.

జంతువులు బాగా కనబడేది చిన్నచోట్లే. ఎన్‌గోరోంగోరో చూడండి. నీళ్ళు నిండకుండా, గోడలు చెక్కుచెదరకుండా మిగిలిన అగ్నిపర్వత గుంటల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. అడుగు వైశాల్యం దాదాపు 260 చదరపు కిలోమీటర్లు, లోతు 600 మీటర్ల పైన. అందులో పెద్ద జంతువులు సుమారు 25 వేలు. సింహం, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం ఒకే పూటలో కనబడే అవకాశమున్న అరుదైన చోటు. ఇంత సందడిలోనూ ఒక లోటుంది. భూమ్మీద అన్నిటికన్నా ఎత్తైన జంతువు జిరాఫీ ఆ గుంట అడుగున కనిపించదు. గోడలు నిటారుగా ఉంటాయి, మెడ చాచి మేయడానికి కింద చాలినన్ని తుమ్మచెట్లు లేవు. పైన అంచు మీది అడవిలో, బయటి మైదానాల్లో మాత్రం కావలసినన్ని. ‘జిరాఫీ ఎక్కడ, జిరాఫీ ఎక్కడ’ అని లోపల పిల్లలు గోల పెడితే ఈ సంగతి చెప్పండి. మరో మాట: ఆ అంచు సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. ఆఫ్రికా కదా అని పల్చటి చొక్కాలతో వెళ్ళినవాళ్ళు తెల్లవారుజామున దుప్పట్లు కప్పుకుని జీపెక్కుతారు.

ఇంకా చిన్నది నైరోబీ జాతీయ పార్కు. 117 చదరపు కిలోమీటర్లు. 1946లో పెట్టారు, కెన్యాకు మొదటి జాతీయ పార్కు అదే. నగర నడిబొడ్డు నుంచి ఏడు కిలోమీటర్ల దూరం. గడ్డిలో సింహం, దాని వెనక ఆకాశహర్మ్యాలు. ఒకే ఫొటోలో రెండూ పడతాయి. విమానం మారడానికి నైరోబీలో ఒక పూట దొరికినా చూసేయొచ్చు.

సందర్భం వచ్చింది కాబట్టి ‘బిగ్ ఫైవ్’ గురించి రెండు ముక్కలు. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఈ జాబితా రాసింది జంతు శాస్త్రవేత్తలు కాదు, తుపాకీ పట్టి కాలినడకన తిరిగిన వేటగాళ్ళు. వేటాడటానికి ప్రమాదకరమైనవీ కష్టమైనవీ ఏవన్నది వాళ్ళ లెక్క. అందుకే ఇందులో జిరాఫీ లేదు, చీతా లేదు, నీటిగుర్రం లేదు. ఇప్పుడది టిక్కులు పెట్టుకునే పట్టికగా మారింది. రేడియోలో కబురు రాగానే జీపులన్నీ ఒకే చిరుతపులి చుట్టూ మూగుతాయి. ఒక జంతువు దగ్గర ఒకేసారి ఐదు వాహనాలకు మించి ఉండకూడదన్నది మారాలో నిబంధన. అది పాటించే డ్రైవరు దొరికితే మీ అదృష్టం. ఐదూ చూపించమని మనం తొందరపెడితే ఏ డ్రైవరైనా నిబంధన మర్చిపోతాడు.

రెండు గంటల నిద్ర

నేల మీద అతి బరువైన జంతువుకు అతి తక్కువ నిద్ర. బోట్స్వానాలోని చోబే పార్కులో మందల్ని నడిపించే రెండు ఆడ ఏనుగుల తొండాలకు పరికరాలు అమర్చి గమనిస్తే రోజుకు సగటున రెండు గంటలే నిద్రపోయాయి. అదీ ఎక్కువ భాగం నిలబడే. కొన్ని రోజులు ఏకధాటిగా 46 గంటల దాకా కునుకు తీయలేదు. ఈ ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

ఏనుగుల కోసమే వెళ్ళాలనుకుంటే బోట్స్వానాను మించిన దేశం లేదు. 2022లో ఐదు దేశాలు కలిసి చేసిన విమాన గణనలో ఒక్క బోట్స్వానాలోనే లక్షా 30 వేల పైచిలుకు తేలాయి. ఎండుకాలం ముదిరాక, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా, అవి చోబే నది గట్టుకు గుంపులు గుంపులుగా దిగుతాయి. కసానే ఊళ్ళో పడవ ఎక్కితే నీళ్ళలో నుంచే చూడొచ్చు. ఏనుగు తొండం గొట్టంలా పైకెత్తి నది ఈదుతుంటే పడవవాడు ఇంజను ఆపేస్తాడు. దసరా సెలవులకు ఇదీ సరిగ్గా సరిపోతుంది.

అక్కడి నుంచి 80 కిలోమీటర్ల దూరంలో, జాంబియా–జింబాబ్వే సరిహద్దు మీద విక్టోరియా జలపాతం. 1,708 మీటర్ల వెడల్పు, 108 మీటర్ల ఎత్తు. రెండూ కలిపి చూస్తే ప్రపంచంలో అంత పెద్ద నీటి తెర ఇంకోటి లేదు. నిండు పున్నమి రాత్రి దాని తుంపరలో ఇంద్రధనుస్సు పడుతుంది. ‘ఇంత దూరం వచ్చాం, రెండూ ఒకేసారి చూసేద్దాం’ అనిపిస్తుంది. చిక్కల్లా అక్కడే. ఏనుగులు బాగా కనబడే అక్టోబర్‌లో జలపాతం చిక్కిపోతుంది. జాంబియా వైపు బండరాళ్ళు తేలి, కొన్నిచోట్ల నీటి ధారే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో అది పొంగి పొర్లుతుంది, కాకపోతే లేచే తుంపరకు ఎదురుగా నిలబడ్డా ఏమీ కనబడదు, రెయిన్‌కోటులోనూ తడిసి ముద్దవుతాం. నీళ్ళూ చూపూ రెండూ మధ్యస్థంగా దొరికేది జూన్, జులైల్లో. దసరాకే వెళ్ళాల్సివస్తే జింబాబ్వే వైపు నుంచి చూడటం మేలు, అటువైపు ఏడాది పొడవునా ఎంతో కొంత నీరు పడుతూనే ఉంటుంది.

ఆ దారిలోనే కజుంగులా దగ్గర జాంబేజి నది మీద ఒక వింత వంతెన ఉంది. 2021లో తెరిచారు, పొడవు 923 మీటర్లు. బోట్స్వానా, జాంబియాల మధ్య సరిహద్దు అక్కడ నదిలో 150 మీటర్ల మేరకే. పక్కనే జింబాబ్వే. ఆ దేశం నేలను తగలకుండా ఉండటానికి వంతెనను విల్లులా వంచి కట్టారు.

బోట్స్వానాలోనే ఉన్న ఒకవాంగో డెల్టా సంగతి ఇంకా విచిత్రం. ఆ నది సముద్రంలో కలవదు, కలహారి ఎడారిలోకి వచ్చి ఇంకిపోతుంది. అంగోలా కొండల్లో పడిన వాన నెలల తరబడి నడిచి జూన్, ఆగస్టుల మధ్య ఇక్కడికి చేరుతుంది. అంటే స్థానికంగా చుక్క వాన లేని రోజుల్లో వరద. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో స్థలం ఇదే.

రైలు పనివాళ్ళను తిన్న సింహాలు

ఆఫ్రికా సింహాల్లో అతి ప్రసిద్ధమైన జంట ఇప్పుడు అమెరికాలో, షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. వాటి కథలో బాధితుల్లో మనవాళ్ళూ ఉన్నారు. మొంబాసా నుంచి లోపలికి రైలు మార్గం వేయడానికి బ్రిటిషు ప్రభుత్వం 1896 నుంచి భారతదేశం నుంచి 32 వేల మంది దాకా కూలీలను, మేస్త్రీలను తీసుకెళ్ళింది. వాళ్ళలో పంజాబీలు, గుజరాతీలు ఎక్కువ. దాదాపు రెండున్నర వేల మంది ఆ పనిలోనే ప్రాణాలు విడిచారు, ఎక్కువగా జబ్బులతో. 1898లో సావో నది మీద వంతెన కడుతున్నప్పుడు రెండు మగ సింహాలు రాత్రుళ్ళు డేరాల్లోకి చొరబడి మనుషుల్ని ఈడ్చుకెళ్ళడం మొదలుపెట్టాయి. ముళ్ళకంచెలు కట్టినా, మంటలు వేసినా ఆగలేదు. కూలీలు పని మానేసి రైలెక్కి వెళ్ళిపోయారు. వంతెన పని ఆగిపోయింది. ఇంజినీరు ప్యాటర్సన్ ఆ డిసెంబర్‌లో రెండింటినీ కాల్చి చంపాడు. వాటి తోళ్ళను పాతికేళ్ళు ఇంట్లో నేల మీద పరుచుకుని, తర్వాత మ్యూజియానికి ఐదు వేల డాలర్లకు అమ్మాడు.

ఎందరిని తిన్నాయన్నదాని మీద వాదం నేటికీ తెగలేదు. ప్యాటర్సన్ ఒకచోట 135 అన్నాడు. రైల్వే రికార్డుల్లో 28 మంది భారతీయులు ఉన్నారు. ఆఫ్రికా పనివాళ్ళను అందులో లెక్కించనేలేదు. 2009లో ఎముకల, వెంట్రుకల రసాయన పరీక్ష చేసి సుమారు 35 అని తేల్చారు. 2024లో ఆ సింహాల పళ్ళ సందుల్లో ఇరుక్కున్న వెంట్రుకల్లో జిరాఫీ, జీబ్రా, వైల్డ్‌బీస్ట్‌లతో పాటు మనిషి డీఎన్ఏ కూడా దొరికింది.

ఆ రెంటికీ జూలు లేదు. సావోలో ఇప్పటికీ చాలా మగ సింహాలకు జూలు పలచగా ఉంటుంది, కొన్నిటికి అసలుండదు. తూర్పు, పడమర సావోలు కలిపి 22 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే, కెన్యాలో అంత పెద్ద పార్కు మరోటి లేదు. అక్కడి ఏనుగులు ఎర్రమట్టి పోసుకుని ఇటుక రంగులో కనిపిస్తాయి. మొంబాసా–నైరోబీ మధ్య 2017లో వేసిన కొత్త రైలు మార్గం ఈ పార్కు మీదుగానే పోతుంది. జంతువులు కింది నుంచి దాటేలా కట్టను ఎత్తుగా పోసి దారులు వదిలారు. కిటికీ పక్క సీటు దొరికితే రైలు టికెట్టు ధరకే ఏనుగులు కనిపించవచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు సఫారీలో ఇంతకన్నా చవక భాగం లేదు.

నిమిషానికి పాతిక డాలర్లు

అన్నిటికన్నా ఖరీదైన టికెట్టు గొరిల్లాది. రువాండాలో పర్వత గొరిల్లాల దగ్గర ఒక గంట ఉండటానికి తలకు 1,500 డాలర్లు, 2017 నుంచి. మన డబ్బుల్లో లక్షా పాతిక వేల పైమాటే. ఉగాండాలో 800. డబ్బు కట్టినా జీపులో తీసుకెళ్ళరు. కొండ అడవిలో బురద తొక్కుతూ, దురదగొండి లాంటి ఆకులు తప్పించుకుంటూ నడవాలి. అరగంట కావచ్చు, అయిదారు గంటలు కావచ్చు. ఒక గొరిల్లా కుటుంబాన్ని రోజుకు ఎనిమిది మందే చూస్తారు. పదిహేనేళ్ళు నిండని పిల్లల్ని రానివ్వరు. జలుబు చేసినవాళ్ళనూ వెనక్కి పంపేస్తారు, ఎందుకంటే మన జలుబు వాటి ప్రాణానికి ముప్పు. 2018లో పూర్తయిన లెక్కల ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద పర్వత గొరిల్లాలు 1,063. ఆ సంఖ్య పెరగడంలో ఈ టికెట్టు డబ్బుతో పెట్టిన కాపలాదారుల వంతూ ఉంది.

ఇంతకన్నా అరుదైనవి కెన్యాలోని ఓల్ పెజెటా సంరక్షణ కేంద్రంలో ఉన్నాయి. ఉత్తర తెల్ల ఖడ్గమృగాలు. మొత్తం రెండు, రెండూ ఆడవే, తల్లీ కూతుళ్ళు. చివరి మగది 2018 మార్చిలో చనిపోయింది.

చిన్నవాటి రికార్డులు

ఆఫ్రికాలో అతి చిన్న పిల్లి జాతి జంతువు నల్లపాదాల పిల్లి. బరువు కిలో నుంచి రెండున్నర కిలోలు. పది వేటల్లో ఆరు గెలుస్తుంది. సింహానికి నాలుగు ప్రయత్నాల్లో ఒకటి ఫలిస్తే గొప్ప.

నమీబియా, కలహారి దారుల్లో చెట్టుకు గడ్డివాము వేలాడుతున్నట్టు కనబడితే అది సోషబుల్ వీవర్ అనే పిచ్చుకంత పక్షుల కాలనీ. వందకు పైగా జంటలు ఒకే కప్పు కింద, ఎవరి గది వాళ్ళది.

ఆస్ట్రిచ్ కన్ను దాని మెదడు కన్నా పెద్దది.

పేడపురుగు రాత్రిపూట పాలపుంత వెలుగును ఆనవాలుగా పెట్టుకుని ఉండను తిన్నగా దొర్లిస్తుందని 2013లో రుజువైంది. దక్షిణాఫ్రికాలోని అడో పార్కులో రోడ్డు మీద వీటికి దారివ్వమంటూ బోర్డులు పెట్టారు. 1931లో ఆ పార్కు పెట్టినప్పుడు అక్కడ మిగిలిన ఏనుగులు 11. ఇప్పుడవి 600 దాటాయి. దోమల బెడద విషయంలోనూ అడో మేలు, అక్కడ మలేరియా లేదు. జొహన్నెస్‌బర్గ్‌కు దగ్గర్లోని పిలానెస్‌బర్గ్, మడిక్వేల్లోనూ అంతే. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో మొదటిసారి వెళ్ళేవారు వీటితో మొదలుపెట్టడం తెలివైన పని.

సొంతంగా కారు నడుపుకునే ధైర్యముంటే క్రూగర్ ఉంది. 1926లో జాతీయ పార్కు అయింది, వైశాల్యం దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. మనలాగే ఎడమవైపు నడక, స్టీరింగు కుడివైపు. తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. చెప్పిన చోట తప్ప కారు దిగకూడదు, పొద్దు వాలేలోగా గేటు చేరాలి. వెంటపడి తిరగడం కన్నా నీటిగుంట పక్కన ఆగి కూర్చోవడమే లాభం. 2004లో ఇక్కడే ఒక సందర్శకుడు తీసిన వీడియోలో సింహాలు దున్నదూడను పట్టుకుంటాయి, మొసలి వచ్చి లాక్కోబోతుంది, చివరికి దున్నల మంద తిరిగొచ్చి దూడను విడిపించుకుంటుంది. యూట్యూబులో కోట్లమంది చూశారు. దాన్ని తీసింది పేరున్న ఫొటోగ్రాఫరు కాదు, మామూలు టూరిస్టు.

సూట్‌కేసులో పెట్టాల్సినవి, తీసేయాల్సినవి

అన్నిటికన్నా ముందు ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా, ఉగాండా లాంటి దేశాల నుంచి తిరిగొచ్చేవాళ్ళ దగ్గర పసుపు పచ్చ సర్టిఫికెట్టు లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఈ విషయంలో మన ప్రభుత్వం ఏమాత్రం మెత్తబడదు. టీకా వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్టు చెల్లుతుంది, ఆపైన జీవితాంతం. ప్రతి ఆసుపత్రిలో వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలకే వెళ్ళాలి. హైదరాబాదులో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం) అలాంటిదే. అరవై దాటినవాళ్ళు ముందు డాక్టరును అడగాలి.

ప్లాస్టిక్ కవర్లు రువాండా 2008లో, కెన్యా 2017లో, టాంజానియా 2019లో నిషేధించాయి. కవరు మీద కవరు చుట్టి ఆవకాయ సర్దే అలవాటు మానుకుని డబ్బాలు వాడండి. పార్కుల మధ్య తిప్పే చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. చక్రాల సూట్‌కేసు వాటి పొట్టలో పట్టదు. నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ ఈగలకు ఆ రంగులంటే ప్రీతి. వాటిని పట్టడానికి టాంజానియా పార్కుల్లో చెట్లకు నీలం–నలుపు గుడ్డలే వేలాడదీస్తారు. జింబాబ్వేలో సైనికుల మచ్చల బట్టలు నిషేధం. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

తిండి బెంగ అక్కర్లేదు. రైలు పనికి వెళ్ళి ఉండిపోయినవాళ్ళ, వాళ్ళ వెనక వెళ్ళిన వర్తకుల వంటలు అక్కడి వంటల్లో కలిసిపోయాయి. చపాతీ, చాయ్, సమోసా కెన్యాలో ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. 2017లో ఆ దేశం భారత సంతతివారిని తమ 44వ తెగగా గుర్తించింది కూడా. అక్కడి రోజువారీ తిండి ఉగాలీ, మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద. రాయలసీమ వాళ్ళకు సంగటి ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

చివరగా గడియారం. కెన్యా, టాంజానియాల సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక, అది ఫోనే సరిచేసుకుంటుంది. సరిచేయలేనిది స్వాహిలీ లెక్క. వాళ్ళకు పగటి గంటల లెక్క సూర్యోదయంతో మొదలు, మన పంచాంగం గడియల్లాగే. పొద్దున ఏడింటిని ఒంటిగంట అంటారు, ఆరింటిని పన్నెండు అంటారు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడవునా సూర్యుడు దాదాపు ఒకే వేళకు ఉదయిస్తాడు, లెక్క తప్పదు. ఊళ్ళో డ్రైవరును మాట్లాడుకుని ‘రేపు పన్నెండింటికి’ అని అతనంటే మధ్యాహ్నం అనుకుని పడుకోకండి. జీపు తెల్లవారుజామున ఆరింటికే గుమ్మంలో ఉంటుంది. టైము కాగితం మీద రాయించుకోండి, పక్కన సూర్యుడి బొమ్మో చంద్రుడి బొమ్మో వేయమనండి.